మున్సిపల్ ప్లాన్ల జాబితాలో మన పని తేదీ ఉంది

కర్నూలు, అనంతపురం, కడప ఊళ్ళలో చేతిపని చేసే మనిషికి కొత్త ఇంటి పని దొరకాలంటే ఇప్పటికీ ఒకటే దారి. బేల్దారి మేస్త్రీ ఫోన్ చేయాలి. చేసినందుకు ఆయనకు కమీషన్ ఇవ్వాలి. ఆ కమీషన్ రాబట్టుకోవడానికి పైపు నాణ్యతో వైరు మందమో తగ్గించుకోవాలి. మేస్త్రీ ఫోన్ చేయకపోతే రోడ్డు పక్కన ఇసుక కుప్ప ఎక్కడ పడిందా అని బండి మీద తిరగాలి. కుప్ప కనబడేసరికి సంపు తవ్వడం అయిపోయుంటుంది, కడ్డీలు ఎక్కడ కొనాలో తేలిపోయుంటుంది, కరెంటు పని ఎవరికివ్వాలో కూడా ఎవరో ఒకరు చెప్పేసుంటారు.

అదే ఇంటి వివరాలు ఆ కుప్ప పడకముందే, వారాలో నెలలో ముందు, మున్సిపల్ కార్పొరేషన్ పట్టణ ప్రణాళిక విభాగంలో నమోదై ఉంటాయి. ఏ సర్వే నంబరులో, ఎన్ని గజాల్లో, ఎన్ని అంతస్తులు, ప్లాను గీసింది ఎవరు, అనుమతి ఏ రోజు వచ్చింది అనేవన్నీ అందులో ఉంటాయి. అది రహస్య పత్రం కాదు. కొంచెం ఓపికగా చదవడం నేర్చుకుంటే మన పని ఏ వారంలో వస్తుందో కూడా ఆ జాబితా చెబుతుంది. చిన్న పనివాళ్ళు దాన్ని వాడుకోవాలనీ, కార్పొరేషన్లు దాన్ని నెలనెలా బయట పెట్టాలనీ నా వాదన.

ముందు కాగితం సంగతి. ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమాలు 2017లో వచ్చాయి. దరఖాస్తులన్నీ ఏపీడీపీఎంఎస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలోకి పోతాయి. స్థల యజమాని లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణుడి దగ్గరికి వెళతాడు. ఆయన్నే అందరూ ఎల్‌టీపీ అనీ, ప్లాన్ ఇంజినీరు అనీ అంటారు. ఆయన గీసిన డ్రాయింగును సాఫ్ట్‌వేర్ సరిచూస్తుంది. ఫీజులు కట్టాక అనుమతి పత్రం వస్తుంది. అందులో ఫైలు నంబరు, తేదీ, గడువు, స్థలం విస్తీర్ణం, కట్టుబడి విస్తీర్ణం, అంతస్తులు, వాడకం, ఎల్‌టీపీ పేరు, కింద షరతులు ఉంటాయి. షరతులను ఎవరూ చదవరు, కానీ పని వాటిలోనూ ఉంటుంది. ఇంకుడు గుంత తవ్వాలి, చెట్లు నాటాలి, పార్కింగ్ వదలాలి అని రాసిన ప్రతి వాక్యం ఎవరో ఒకరి కూలి.

ఇప్పుడు ఒక వరుసను తీసుకుని నిదానంగా చదువుదాం. స్థలం 145 చదరపు గజాలు, నివాసం, గ్రౌండ్ ప్లస్ వన్, ఒక్కో అంతస్తు 820 చదరపు అడుగులు అనుకోండి. 145 గజాలంటే మన లెక్కలో మూడు సెంట్లు. రెండంతస్తులు కలిపి 1,640 అడుగులు. మామూలు ఇంటికి అడుగుకు మూడున్నర నుంచి నాలుగు కిలోల కడ్డీ పడుతుంది, అంటే దాదాపు ఆరు టన్నులు. సిమెంటు అడుగుకు 0.4 బస్తా చొప్పున 650 బస్తాలు. ఒక్కో మిద్దె 76 చదరపు మీటర్లు. ఐదంగుళాల మందానికి తొమ్మిదిన్నర ఘనపు మీటర్లు, దూలాలు కలుపుకుంటే పన్నెండు పదమూడు ఘనపు మీటర్ల కాంక్రీటు. ఎం20 మిశ్రమానికి ఘనపు మీటరుకు ఎనిమిది బస్తాల లెక్కన, మిద్దె పోసే ఒక్క రోజుకే నూరు బస్తాలు సైటులో ఉండాలి. సెంట్రింగ్, అంటే కాంక్రీటును మోసే రేకుల అచ్చు, దూలాల పక్కలతో కలిపి సుమారు నూరు చదరపు మీటర్లు. లోపలి నేల 1,300 అడుగులు, వృథా కలిపితే 1,430. రెండడుగుల పలకలు నాలుగు పట్టే పెట్టెలు దాదాపు తొంభై. అదే కడప బండో బేతంచెర్ల రాయో పరిచే ఇల్లయితే లెక్క చదరపు అడుగుల్లోనే నడుస్తుంది, తాడిపత్రి బండయినా అంతే.

ఒక్క వరుసలోంచి ఇంత బయటికి తీయొచ్చు. యజమాని దగ్గరికి వెళ్ళినప్పుడు “మీకు ఎంత పని ఉంది సార్?” అని అడిగే మనిషికీ, “మీ పై మిద్దెకు నూరు మీటర్ల సెంట్రింగ్ పడుతుంది, నా దగ్గర అంత రేకు ఉంది” అనే మనిషికీ ఆయన కళ్ళలో చాలా తేడా ఉంటుంది.

అసలు విలువ మాత్రం తేదీది. అనుమతి వచ్చిన మర్నాడే అన్ని పనులవాళ్ళూ ఆ గుమ్మం ముందు నిలబడితే ఎవరికీ పని రాదు. ఒక్కో పనికి ఒక్కో వారం ఉంటుంది. అందరికంటే ముందు బోరు వాళ్ళు, నీళ్ళు లేకుండా అనంతపురం వైపు ఇల్లు మొదలుపెట్టలేరు. బోరు వేయడానికి నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు ఉన్న వాల్టా చట్టం కింద విడిగా అనుమతి కావాలి, ఆ కాగితం చేయించి పెట్టే బోరు మనిషిని యజమాని వదులుకోడు. తర్వాత సంపు, మట్టి పని, కరెంటు సంస్థ ఎస్‌పీడీసీఎల్ ఇచ్చే తాత్కాలిక మీటరు. ఆ మీటరు పడిందంటే పని నిజంగానే మొదలవుతోందని అర్థం. ముగ్గు పోసిన రోజు నుంచి ప్లింత్ బీము దాకా సాధారణంగా నాలుగైదు వారాలు పడుతుంది. మొదటి మిద్దెకు ఎనిమిది నుంచి పది వారాలు, రెండో మిద్దెకు ఇంకో ఐదారు వారాలు. ప్లాస్టరింగ్ తర్వాత నేల పని, అంటే ఆరేడు నెలలకు. రంగులు ఎనిమిది తొమ్మిది నెలలకు. నల్లరేగడి నేలలో పునాది లోతు పోవాలి కాబట్టి మొదటి అంకె పెరుగుతుంది. ఎర్రనేలలో నాలుగైదడుగులకే గరుసు తగిలే చోట తగ్గుతుంది. ఊళ్ళో ఏ వైపు ఏ నేల ఉందో తెలిసినవాళ్ళు ఈ లెక్కను ఇంకా దగ్గరగా వేయగలరు.

చాలామంది తప్పేది కరెంటు పని దగ్గర. గోడలు లేచాక వెళదామనుకుంటారు. మిద్దెలో పైపులు కాంక్రీటుకు ముందే పడాలి, కాబట్టి కరెంటు మనిషిని మొదటి మిద్దెకు ముందే మాట్లాడుకుంటారు. సెంట్రింగ్ రేకులు పరిచి, కింది కడ్డీలు కట్టాక, కాంక్రీటుకు ముందు దొరికేది మహా అయితే ఒక రోజు. 820 అడుగుల అంతస్తుకు పది పన్నెండు ఫ్యాన్, లైటు పెట్టెలు వస్తాయి. కాంక్రీటు పాలు లోపలికి దిగకుండా పెట్టెల నోళ్ళు మూయాలి, అతుకులకు జిగురు పెట్టాలి, గోడలోకి దిగే పైపు కొస ప్లానులో ఉన్న గోడ మీదికే రావాలి. ఆ కొస ఆరంగుళాలు పక్కకు పోతే మిద్దెను కింద నుంచి చెక్కాలి, చెక్కితే కడ్డీ బయటపడుతుంది. అందుకే కరెంటు పనివాడు పని మొదలైన రోజుకు ఆరేడు వారాలు కలుపుకుని వెళ్ళాలి, చేతిలో ప్లాను నకలుతో వెళ్ళాలి. ద్వారబంధాలు చేసే వడ్రంగి గోడలకు ముందే వెళ్ళాలి. సింహద్వారం ఎత్తడానికి ముహూర్తం పెడతారు కాబట్టి ఆయనకు గడువు ఇంకా బిగుసుగా ఉంటుంది. అల్యూమినియం, యూపీవీసీ కిటికీలవాళ్ళు ప్లాస్టరింగ్ అయ్యాక కొలతలు తీసుకుంటారు, వాళ్ళు తొందరపడితే తిరుగుడే మిగులుతుంది. లిఫ్టు వాళ్ళది దీనికి పూర్తిగా తలకిందులు. గుంత పునాదిలోనే తవ్వాలి కాబట్టి అనుమతి వచ్చిన వారంలోనే వాళ్ళు అక్కడ ఉండాలి. సోలార్ వాళ్ళు రెండో మిద్దె పోసేలోపు వెళితే పైపు దారి వదిలించుకోవచ్చు. మూడు కిలోవాట్లకు పీఎం సూర్యఘర్ కింద 78,000 రూపాయల సబ్సిడీ ఉందన్న సంగతి ఇల్లు కట్టుకుంటున్న మనిషికి అప్పుడు చెబితేనే చెవికెక్కుతుంది.

ఈ వారాలను అనుమతి తేదీ నుంచి నేరుగా లెక్కబెట్టకూడదు, పని మొదలైన రోజు నుంచి లెక్కబెట్టాలి. ఆ మొదలును మన దగ్గర పంచాంగం నిర్ణయిస్తుంది. జ్యేష్ఠం చివర అనుమతి వచ్చిన ఇల్లు ఆషాఢంలో కదలదు, శ్రావణంలో శంకుస్థాపన జరుగుతుంది. మూఢం వచ్చిందంటే ఇంకా వెనక్కి పోతుంది. ధనుర్మాసంలో పడిన అనుమతులు సంక్రాంతి తర్వాతే కదులుతాయి. కర్నూలు, కడపల్లో ముస్లిం కుటుంబాలు కట్టే ఇళ్ళకు ఈ లెక్క వర్తించదు, అక్కడ రంజాన్ నెల చూసుకోవాలి. కాబట్టి జాబితా పక్కన పంచాంగం పెట్టుకుని ప్రతి వరుసకూ ‘మొదలయ్యే వారం’ అని ఒక గడి రాసుకోవాలి. రెండో ఆటంకం బ్యాంకు. చాలామంది ప్లాను తీసుకునేది ఇంటి అప్పు కోసమే. అప్పు మంజూరయ్యేదాకా ముగ్గు పడదు. మంజూరయ్యాక కూడా డబ్బు దశలవారీగా వస్తుంది. పునాదికి కొంత, మిద్దెకు కొంత, గోడలకు కొంత. మన బిల్లు ఏ దశ డబ్బులోంచి వస్తుందో ముందే అడిగి తెలుసుకున్నవాళ్ళకు బాకీలు తక్కువ పడతాయి.

జాబితా సంపాదించడం ఎలా? అన్నిటికంటే సులువైనది సైటు దగ్గర బోర్డు. మంజూరైన ప్లాను నకలును జనానికి కనబడేలా పెట్టాలన్నది అనుమతిలోని షరతే. ఆ ఫైలు నంబరు రాసుకుంటే ఏపీడీపీఎంఎస్‌లో ఫైలు స్థితి చూడొచ్చు. బోర్డు దాకా వచ్చేసరికి ఆలస్యమయ్యే పనులకు సమాచార హక్కు చట్టం ఉంది. 2005 నాటి ఆ చట్టంలో సెక్షన్ 4(1)(బి)లో పదమూడో అంశం చదవండి. తాము ఇచ్చిన రాయితీలు, పర్మిట్లు, అనుమతులు ఎవరెవరు పొందారో ఆ వివరాలను ప్రతి ప్రభుత్వ సంస్థా ఎవరూ అడగకుండానే ప్రకటించాలని అందులో ఉంది. ఇంటి ప్లాను అనుమతి కూడా అనుమతే. నెలనెలా ఒక పట్టిక పెడితే చాలు, డేటా అంతా కంప్యూటర్లోనే ఉంది. పెట్టని చోట ఒక నెల జాబితాకు దరఖాస్తు పెట్టాలి.

దరఖాస్తును ఇరుకుగా రాయాలి. “ఫలానా నెలలో మంజూరైన భవన అనుమతుల ఫైలు నంబరు, తేదీ, ప్రాంతం లేదా సర్వే నంబరు, స్థలం విస్తీర్ణం, అంతస్తులు, వాడకం, ఎల్‌టీపీ పేరు, ఎలక్ట్రానిక్ రూపంలో ఇవ్వగలరు” అంటే సరిపోతుంది. ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు అడగకండి. వ్యక్తిగత సమాచారమని అదే చట్టంలోని సెక్షన్ 8(1)(జె) కింద ఆపేస్తారు, ఆపడం సబబే కూడా. ఐదేళ్ళ రికార్డు ఒకేసారి అడిగితే సిబ్బంది పనికి అడ్డమని పక్కన పెడతారు. నగరపాలక సంస్థకు ఫీజు 10 రూపాయలు, కాగితం నకలు పేజీకి 2 రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే ఇంకో ముప్పై రోజుల్లోపు మొదటి అప్పీలు. ముప్పై రోజులు ఆగితే పని పోతుందని కొందరంటారు. బోరుకు, లిఫ్టుకు అది నిజం. కరెంటు, ప్లంబింగ్, నేల, కిటికీలు, రంగులు వీటన్నిటికీ ముప్పై రోజుల పాత జాబితా సరిగ్గా సరిపోతుంది.

ఇక్కడ ఒక చేదు సంగతి చెప్పకుండా దాటలేను. మన ఊళ్ళలో ప్లాన్ల మీద సమాచార హక్కు దరఖాస్తు అనగానే అధికారులూ యజమానులూ ఉలిక్కిపడతారు. ఇంటి చుట్టూ ఖాళీ (సెట్‌బ్యాకు) వదల్లేదు, పైన ఒక గది ఎక్కువ వేశావు అని పట్టుకుని డబ్బు గుంజే మనుషులు ఈ చట్టాన్ని అంతగా చెడగొట్టారు. పని కోసం వెళ్ళేవాడు ఆ ఛాయ తన మీద పడనివ్వకూడదు. యజమాని దగ్గర అతిక్రమణ అన్న మాట నోట రాకూడదు. ప్లానుకూ కట్టుబడికీ తేడా కనబడినా అది మన పని కాదు. సిబ్బంది చేతిలో డబ్బు పెట్టి జాబితా తెచ్చుకోవడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. హక్కుగా దొరికేదాన్ని కొనుక్కుంటే రేపటి నుంచి అందరికీ దానికో ధర ఏర్పడుతుంది.

జాబితా చేతికొచ్చాక మొదట ఎల్‌టీపీ పేరు ప్రకారం వరుస మార్చండి. ఒక నెలలోని అనుమతులన్నీ కొద్దిమంది చేతుల మీదుగానే నడిచాయని కనబడుతుంది. అరవై మంది యజమానుల ఇళ్ళకు తిరిగేకన్నా ఆ ఐదారుగురిని కలవడం మేలు. ఎత్తు తక్కువ భవనాలకు 2025లో స్వీయ ధ్రువీకరణ పద్ధతి వచ్చాక ప్లాను నిబంధనల ప్రకారం ఉందని పూచీ పడేవాళ్ళలో వాళ్ళూ ఉన్నారు, తేడా వస్తే లైసెన్సు మీదికి వచ్చేదీ వాళ్ళకే. ప్లాను చదివి, దాని ప్రకారమే పని చేసే మనిషి వాళ్ళకు అవసరం. ఆ మనిషి మనమని చూపించుకోవాలంటే ఆయన గీసిన ఒక ప్లాను పట్టుకుని, ఫలానా చోట పైపు దిగే దారిలో దూలం అడ్డమొస్తోందని నిర్దిష్టంగా ఒక ప్రశ్న అడిగితే చాలు.

యజమాని దగ్గరికి మనిషిగానే వెళ్ళాలి. పది అంకెల మామూలు నంబరు నుంచి వ్యాపార ఫోన్లు చేయడం టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలకు విరుద్ధం. 1909కు ఒక ఫిర్యాదు పోతే నంబరే ఆగిపోవచ్చు. సైటులో కలిసి, సమాచారం ఎక్కడిదో దాచకుండా చెప్పాలి: “అన్నా, నమస్తే. మీ ప్లానుకు పర్మిషన్ వచ్చినట్టు మున్సిపల్ లిస్టులో చూసినా. నాది కరెంటు పని. మిద్దె పోసేముందే పైపులు పరచల్ల కదా, అప్పటికి ఎవరినీ అనుకోకుంటే నాకో మాట చెప్పండన్నా.” అంతే. ధర ఆరోజే చెప్పకూడదు. పెట్టెల లెక్క, పైపు రకం, వైరు కంపెనీ రాసిన అరపేజీ కాగితం ఇచ్చి రావాలి. అక్కడ మేస్త్రీ ఉంటే ఆయన్ను పలకరించకుండా యజమానితో మాట్లాడటం పెద్ద తప్పు. కమీషన్ ఇవ్వకపోయినా మర్యాద ఇవ్వాలి, మిద్దె రోజున పక్కపక్కనే పని చేయాల్సింది ఆయనతోనే.

జాబితా మోసం చేసే చోట్లు కొన్ని ఉన్నాయి. అందులో ఉన్న పేరు స్థల యజమానిది, కట్టేది బిల్డరు కావచ్చు. యజమాని బిల్డరుతో రాసుకున్న డెవలప్‌మెంట్ అగ్రిమెంటు రిజిస్టరై ఉంటే ఆ స్థలం లావాదేవీలు చూపే ఈసీలో కనబడుతుంది, పెద్ద స్థలమైతే ముందు అది తీయండి. గ్రౌండ్ ప్లస్ వన్ అని ఉన్నచోట పైన ఇంకోటి లేవొచ్చు, కాబట్టి లెక్క కాగితంలో అంతస్తు చొప్పున విడివిడిగా రాయాలి. ఎత్తైన భవనం కాకపోతే అనుమతి గడువు సాధారణంగా మూడేళ్ళు, ఆ మూడేళ్ళూ కదలని ఫైళ్ళు బోలెడుంటాయి. అలాంటివాటిని కొట్టేయకుండా పక్క పేజీలోకి మార్చండి, ప్రతి శ్రావణానికీ ఒకసారి చూడండి. ఇక పాత ఇంటి మరమ్మతులు, రంగులు, నేల మార్చడం ఈ జాబితాలోకి రానే రావు. వాటి మీద బతికే పెయింటర్లకు ఇది సగం మేలే చేస్తుంది.

పెద్ద పనులకు వేరే తలుపులున్నాయి. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో ఎనిమిదికి మించి ఫ్లాట్లు కట్టి అమ్మేవాళ్ళు స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాలో నమోదు చేసుకోవాలి. ఆర్కిటెక్టు, స్ట్రక్చరల్ ఇంజినీరు, కాంట్రాక్టరు ఎవరో అందులో చెప్పాలి, పని ఎంతదాకా వచ్చిందో మూడు నెలలకోసారి చూపాలి. అది ఎవరైనా తెరిచి చూడొచ్చు. 20,000 చదరపు మీటర్లు దాటే కట్టుబడికి పర్యావరణ అనుమతి కావాలి, ఆ దరఖాస్తు కేంద్ర పర్యావరణ శాఖ పరివేశ్ పోర్టల్లో పునాదికి చాలా ముందే కనబడుతుంది. ఓర్వకల్లు, కొప్పర్తి లాంటి పారిశ్రామిక వాడల్లో కట్టే షెడ్ల కోసం కార్పొరేషన్ జాబితాలో వెతికితే దొరకవు. అక్కడ రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ ఏపీఐఐసీ వైపు అడగాలి. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పారిశ్రామిక నగరాల్లో ఈ రెండూ ఉన్నాయి కాబట్టి షెడ్డు పనివాళ్ళు, ప్యానెల్ వైరింగ్ చేసేవాళ్ళు అటు ఒక కన్నేసి ఉంచాలి.

మన జిల్లాల్లో కొత్త ఇళ్ళు చాలావరకు కార్పొరేషన్ గీత దాటాకే లేస్తున్నాయి. అనంతపురాన్ని ఆనుకున్న రుద్రంపేట, కక్కలపల్లి లాంటి పంచాయతీలను చూస్తే తెలుస్తుంది. అక్కడ కాగితం పంచాయతీ కార్యదర్శి దగ్గర ఉండొచ్చు, పట్టణాభివృద్ధి సంస్థ ఫైల్లో ఉండొచ్చు, కొన్నిటికి అసలు ఉండకపోవచ్చు. రెండు చోట్లా అడగాలి. గ్రామ సచివాలయంలోని ఇంజినీరింగ్ అసిస్టెంటును పలకరిస్తే ఏ లేఅవుట్లో ఎన్ని పునాదులు తీశారో తెలుస్తుంది. సమాచార హక్కు దరఖాస్తుకు మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజే లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. తెల్లకాగితం మీద రాసి ఇచ్చి, రెండో నకలు మీద సంతకం, తేదీ వేయించుకుంటే ఆ రోజు నుంచే ముప్పై రోజుల లెక్క మొదలవుతుంది.